గంగరావి దుంగ, ఆరు వయొలిన్లు

1999 ఫిబ్రవరి 3, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కాకినాడ బస్టాండులో మా ప్రయాణం మొదలైంది. ఆరింటికే మొదలవవలసింది. ఆ పది నిమిషాలూ ఒక పెట్టె గురించి కండక్టరుతో జరిగిన చర్చకు పోయాయి. పెట్టె పొడవు మూడడుగులు, బరువు పదిహేడు కిలోలు, చుట్టూ కొబ్బరితాడు. తాడుకు నలభై రెండు ముళ్ళు. ముళ్ళు నేనే లెక్కపెట్టాను.

"ఇందులో ఏముందండీ?" అన్నాడు కండక్టరు.

"దుంగ."

"దుంగని కాకినాడ నుంచి కోనసీమ తీసుకెల్తున్నారాండీ? అక్కడ లేవనా?"

ఈ ప్రశ్నకు నాలుగు రోజుల్లో ఎంత విలువ వస్తుందో అప్పుడు తెలియదు. అతను పెట్టెను వెనక సీటు కిందకు తోయించాడు.

పెట్టె నాది కాదు. లుపే గారిది. ఆవిడది సమోవా అనే దీవి. పసిఫిక్ సముద్రంలో ఉంది. వయసు నలభై ఆరు, మంచి పొడగరి, నడుముకు మన లుంగీలాంటి పూల గుడ్డ, కుడి చెవి మీద ఒక పువ్వు. వృత్తి సంగీతం రాయడం. వాళ్ళ దీవుల పాటలనూ, దుంగ వాద్యాన్నీ వయొలిన్లతో కలిపి రాస్తారు. దుంగ వాద్యమంటే తోలు లేని డోలు. ఒక కొయ్య దుంగ, పైన సన్నని నిలువు చీలిక, ఆ చీలిక గుండా లోపలంతా తొలిచిన బోలు. కర్రతో కొడితే ఊరంతా వినిపిస్తుంది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ప్రార్థనకు దానితోనే పిలుస్తారట.

పదకొండేళ్ళ కిందట ఆవిడ ఆరు వయొలిన్లకూ ఒక దుంగకూ కలిపి ఇరవై మూడు నిమిషాల సంగీతం రాశారు. దాన్ని ఇంతవరకూ ఒక్కసారి కూడా చెవితో వినలేదు. వాళ్ళ దీవిలో వయొలిన్లు రెండే ఉన్నాయి. న్యూజిలాండ్‌లో వాయించేవాళ్ళు ఉన్నారట గాని, అక్కడివాళ్ళు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు దిగినట్టు దిగుతారు. లుపే గారికి జారాలి. వాళ్ళ దీవిలో ప్రార్థన పాటలు జారుతూ పాడతారు. న్యూజిలాండ్‌లో ఉంటున్న నా పాత శిష్యురాలు ఒకతె, "జారడం కావాలంటే మా టీచరు గారి దగ్గరకు వెళ్ళండి" అని చెప్పి పంపింది. నా వయసు డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళు వయొలిన్ నేర్పాను. నా శిష్యుల్లో ఆరుగురు అమలాపురం చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఆవిడ స్వరాలను మన సరిగమల్లోకి మార్చి ముందుగానే పంపాను, నలభై ఒక్క పేజీలు. ఆదివారం సాయంత్రం ఆరింటికి అమలాపురంలో ఒక సంగీత సభవారు మాకు ఇరవై ఐదు నిమిషాలు ఇచ్చారు. సోమవారం పొద్దున్న ఆవిడ రాజమండ్రిలో మద్రాసు రైలెక్కాలి. కనక వినడమంటూ జరిగితే ఆదివారమే.

కోటిపల్లి రేవు

ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, తొమ్మిదీ ఇరవైకి కోటిపల్లి రేవుకు చేరాం. ఇంకా చూడనివారి కోసం చెబుతున్నాను. ఇక్కడ గోదావరి దాటాలంటే పడవే. పడవలో మనుషులు, సైకిళ్ళు, ఒక మోటారు సైకిలు, రెండు మేకలు, నాలుగు అరటి గెలలు. నా ఎదుట కూర్చున్న పెద్దాయన లుపే గారిని నది సగం దాటేవరకూ చూసి, అప్పుడు నన్నడిగాడు.

"ఆవిడగారిది ఏ ఊరండి?"

"సమోవా."

"అంటే అంతర్వేది దాటాకాండి?"

"దాటి తూర్పుగా పోవాలి. పన్నెండు వేల కిలోమీటర్ల పైచిలుకు."

"ఆయ్. అయితే బస్సులుండవండి," అన్నాడు తృప్తిగా.

గెలలు తెస్తున్న ఆవిడ లుపే గారికి అయిదు చక్రకేళీలు తుంచి ఇచ్చి డబ్బు తీసుకోలేదు. తరవాత లుపే గారి చెవి మీది పువ్వు తీసి, జడలో గుచ్చి, "చెవిలో పువ్వెట్టుకుని మా ఊరొస్తే మిమ్మల్ని ఎవరో మోసం చేసేరనుకుంటారమ్మా" అంది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. లుపే గారు నవ్వి, వాళ్ళ ఊళ్ళో కుడి చెవి మీద పువ్వంటే పెళ్ళి కాలేదనీ, ఎడమ చెవి మీదంటే అయిందనీ అర్థమన్నారు. ఆ మాట పడవంతా పాకింది. ముక్తేశ్వరం వైపు దిగేలోపల నాకు ఆవిడ కోసం రెండు సంబంధాలు వచ్చాయి. ఒకాయనకు ఎకరన్నర కొబ్బరి తోట ఉంది.

దిగేటప్పుడు నా ఎడమ చెప్పు బురదలో ఉండిపోయింది.

అమలాపురం, నలభై రెండు ముళ్ళు

సాయంత్రం నాలుగూ నలభైకి, శిష్యులందరూ వచ్చాక, లుపే గారు ముళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. మూత తీసి చూశాం. దుంగ ఈ కొస నుంచి ఆ కొస దాకా పగిలిపోయి ఉంది. తడి గాలిలో బతికిన కొయ్య, విమానాల పొడి గాలికి తట్టుకోలేదు. ఆవిడ కర్రతో ఒక దెబ్బ కొట్టి చూశారు. కట్టెల మోపు కింద పడేసినట్టు వినిపించింది.

సభ కార్యదర్శి గారు అప్పుడే వచ్చారు. మంచి మనిషే గాని నోరు ఊరుకోదు.

"దుంగ పోతే పోయిందండి టీచరు గారూ. మృదంగం ఉంది కదా. నా అదృష్టం బాగుండి కరపత్రంలో ఇంకా దుంగ కచేరీ అని వెయ్యించలేదు."

మృదంగం తెప్పించారు. లుపే గారు శ్రద్ధగా పావుగంట విన్నారు. "చాలా బాగుంది. ఇది మాట్లాడుతుంది. నా దుంగ పిలుస్తుంది. పిలవకపోతే ఈ వయొలిన్లు దేనికి పలుకుతాయి?" అన్నారు.

"మరేనండి," అన్నారు కార్యదర్శి గారు. "పిలవడానికైతే మా ఇంట్లో కాలింగ్ బెల్ ఉందండి."

దీన్ని నేను ఇంగ్లీషులో చెప్పలేదు.

ఆ సాయంత్రం దుంగ లేకుండానే సాధన చేశాం. మొదటి నాలుగు నిమిషాలు వయొలిన్లు లేవు, దుంగ ఒక్కటే. పై గొంతు ఒకటి, కింది గొంతు ఒకటి, చీలికకు రెండు చోట్ల కొడితే వస్తాయట. ఆ నాలుగు నిమిషాలూ ఆరుగురూ ఒళ్ళో వయొలిన్లు పెట్టుకుని గోడ గడియారం చూశారు. తరవాత వాయించారు. లుపే గారు కళ్ళు మూసుకుని, గాలిలో కర్ర ఊపుతూ, లేని దెబ్బలను లెక్కపెట్టుకున్నారు. ఆవిడ లెక్క ఏడు, ఏడు, నాలుగు, వెరసి పద్దెనిమిది. మిశ్రచాపు రెండుసార్లు, వెనక చతురశ్రం ఒకటి అని నేను శిష్యులకు సర్దిచెప్పాను. జారుళ్ళు మాత్రం చెప్పవలసిన పని లేకపోయింది. పైగా తగ్గించమని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అంబాజీపేట

గురువారం ఉదయం కలప అడితీలు మూడు తిరిగాం. టేకు చూపించారు, మద్ది చూపించారు. లుపే గారు గోరుతో తట్టి తల అడ్డంగా ఊపారు. నాలుగో అడితీ అంబాజీపేటలో ఉందంటే వెళ్ళాం. అది మూసి ఉంది. పక్కన కొబ్బరి ఒలిచే చోటుంది. అంబాజీపేటకు ఎప్పుడూ రానివారు తెలుసుకోవలసింది ఇది. ఇక్కడ కొబ్బరికాయలు కాయల్లా ఉండవు, కొండల్లా ఉంటాయి. భూమిలో నిలబెట్టిన ఇనుప గునపం మీద కాయ గుచ్చి, మూడు మెలికల్లో పీచు ఊడదీస్తారు. కాయ మూడు రూపాయలు చెప్పారు, కాకినాడలో నాలుగు.

లుపే గారు గునపాన్ని చూసి ఆగిపోయారు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇదే. గునపం బదులు చెక్కిన కర్ర, అంతే. ఒలిచే అతన్ని సైగతో పక్కకు జరగమన్నారు. మొదటి కాయకు నాలుగు మెలికలు. రెండోదానికి మూడు. మూడోదానికి రెండే. చుట్టూ ఇరవై మంది చేరారు.

"అమ్మగారూ, మీరు ఉండిపోండి," అన్నాడు ఒలిచే అతను. "రోజుకి వెయ్యి కాయలు ఒలిచేత్తారు. నేను ఇంటికెల్లి పడుకుంటాను."

"ఆవిడకి కాయలు కాదు, దుంగ కావాలి," అని, ఎలాంటి దుంగో చెప్పాను.

లుపే గారు ఈలోగా కాలవ గట్టు వైపు నడిచిపోయి, ఒక చెట్టు ఆకు తుంచి, పసుపు పువ్వొకటి పట్టుకుని తిరిగి వచ్చారు. ఆవిడ మొహం చూసి నాకు ముందు భయం వేసింది. "మిలో," అన్నారు. "ఇదే చెట్టు. నా దుంగ ఈ చెట్టుదే. మీ రోడ్ల పక్కన ఊరికే నిలబడి ఉంది."

"గంగరావండి అది," అన్నాడు ఒలిచే అతను. "పచ్చిది పనికిరాదండి, ఎండింది కావాల. మా బావ వీర్రాజని రాజోలు అవతల పడవలు కడతాడండి. తొంభై ఆరు తుఫానుకి పడిపోయిన గంగరావి మాను ఆడి దగ్గరుంది. రెండేళ్ళ నుంచి ఎవరికీ ఇవ్వట్లేదు."

"ఎందుకివ్వడు?"

"ముద్దండి."

రాజోలులో చేమాకు

రాజోలులో నా శిష్యురాలు సావిత్రి ఇంట్లో దిగాం. పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, గడ్డ పెరుగు. రాత్రికి తానే వండుతానని లుపే గారు పెరటిలో చేమాకులు కోశారు. వాళ్ళ ఊరి పద్ధతి ఇది. లేత చేమాకుల్లో చిక్కని కొబ్బరిపాలు పోసి, మూట కట్టి, ఆవిరికి ఉడకబెడతారు. గంటన్నర ఉడకాలని చెప్పి స్నానానికి వెళ్ళారు. సావిత్రి అత్తగారు అచ్చాయమ్మ గారు నలభై నిమిషాలకే దింపేశారు. గంటన్నర ఉడికితే అది కూర కాదు, తద్దినం అని ఆవిడ అభిప్రాయం.

రుచి చాలా బాగుంది. ఎనిమిదింటికి తిన్నాం. ఎనిమిదీ అయిదుకు తిన్న అందరికీ గొంతు దురద మొదలైంది.

"మేం చింతపండు వేత్తామమ్మా, దురద పోద్ది," అన్నారు అచ్చాయమ్మ గారు, తన గొంతు పట్టుకునే. "మీకు పాపం చింతపండు దొరకదా?"

"మాకు ఓపిక దొరుకుతుంది," అన్నారు లుపే గారు. ఇది మాత్రం నేను తూచా తప్పకుండా తెలుగులో చెప్పాను. అచ్చాయమ్మ గారు నవ్వి నవ్వి ఇంకా దగ్గారు.

వైనతేయ ఒడ్డు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న వీర్రాజు గారి పని చోటుకు వెళ్ళాం. యాభై అయిదేళ్ళుంటాయి, చెవి వెనక పెన్సిలు. సగం కట్టిన పడవ కింద పడుకుని, పలకల మధ్య సందుల్లో నూనెలో తడిపిన నూలు, గుగ్గిలం పెట్టి కూరుతున్నారు. కొయ్యసుత్తితో ఉలి మీద కొడుతుంటే దెబ్బలు ఒక వరసలో పడుతున్నాయి. లుపే గారు ఇసుకలో కూర్చుని పది నిమిషాలు అదే విన్నారు.

ముద్దు మాను ఇవ్వడానికి ఆయన ముందు ఒప్పుకోలేదు. "దేనికండి?" అన్నారు. చెప్పాను. "ఇంత పొడుగు చీలికెట్టి లోపలంతా తొలిచెయ్యాలా? మంచి కొయ్యనండీ?"

లుపే గారు పగిలిన దుంగను ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని తిప్పి, లోపల వేలు పోనిచ్చి, గోడ మందం ఎక్కడెక్కడ ఎంతుందో తడిమి చూశారు. "ఎవరు చేసేరండి ఇది?"

"మా మేనమామ," అన్నారు లుపే గారు.

"చెయ్యి తిరిగినోడండి," అని, మాను మీది తాటాకులు తీసేశారు.

శుక్రవారమంతా, శనివారం పొద్దున్నా పని జరిగింది. బాడిశతో పైన చెక్కి, సన్న ఉలితో చీలిక తీసి, ఆ సందులోంచే లోపల తొలవాలి. వీర్రాజు గారు పని చేస్తూ నన్నొక ప్రశ్న అడిగారు. "ఇది ఎక్కడికెల్తదండి టీచరు గారూ?" నేను కచ్చితంగా మాట్లాడే మనిషిని. "ఆవిడతో వెళ్తుంది. సముద్రం మీద, పన్నెండు వేల కిలోమీటర్లు," అన్నాను. ఆయన కాసేపు ఉలి ఆపి, "ఆయ్," అన్నారు.

శనివారం పదకొండింటికి దుంగ మోగింది. పై గొంతు, కింది గొంతు, రెండూ. అవతలి ఒడ్డున గేదెలు తలెత్తి చూశాయి. లుపే గారు పద్దెనిమిది దెబ్బలు కొట్టి చూపితే, వీర్రాజు గారు సుత్తి తీసుకుని రెండోసారికే పట్టేశారు. "మేం కూరేటప్పుడు పడే దెబ్బేనండి. ఆఖర్న నాలుగు మీరెక్కువేసేరు," అన్నారు. నూనె పట్టించడానికి ఒక రాత్రి కావాలన్నారు. ఆదివారం మధ్యాహ్నానికి తానే తెస్తానన్నారు. మేం బోడసకుర్రు దగ్గర పంటు మీద ఏరు దాటి, మిగతా సాధనకు అమలాపురం వచ్చేశాం. పంటు మీద నా గొడుగు పోయింది.

మళ్ళీ అమలాపురం

ఆదివారం మూడూ ఇరవైకి వీర్రాజు గారు సభ దగ్గర దిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దుంగను కొత్త తువ్వాలులో చుట్టి భుజం మీద పెట్టుకొచ్చారు. కొత్త పడవను నీళ్ళలోకి దింపే రోజున చేసినట్టే, దుంగకు పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. లుపే గారు కళ్ళు తుడుచుకుని, దండ పక్కన పెట్టి, కర్రతో కొట్టారు.

తలుపు మీద తలగడతో కొట్టినట్టుంది.

కళ్ళజోడు పెట్టుకుని, పసుపు తుడిచి చూశాను. చీలిక లేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నూలూ గుగ్గిలమూ కూరి, నున్నగా గీకి, చెయ్యి వేస్తే తెలియకుండా పూడ్చేశారు.

"ఏం చేశారు వీర్రాజు గారూ?"

"సముద్రం మీద పన్నెండు వేల కిలోమీటర్లన్నారు కదండీ," అన్నారాయన. "అంత సందెట్టుకుని ఎలా ఎల్తదండి? మోగించి చూసుకున్నారు, పనైపోయింది. ఇంక ప్రయాణానికి మూసేనండి. చుక్క నీరు దిగితే నా పేరు వీర్రాజు కాదు."

"అది విమానంలో వెళ్తుంది."

ఆయన ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచారు. "ఆ ముక్క మీరు చెప్పలేదండి," అన్నారు. నిజమే. చెప్పలేదు.

మూడున్నరకు ఆయన సంచిలోంచి ఉలి, కొయ్యసుత్తి తీసి, చీలిక మళ్ళీ తవ్వడానికి కూర్చున్నారు. ఒక్క బొట్టు కారని సందును తెరవడం తన జన్మలో ఇదే మొదలని రెండుసార్లు అన్నారు. గుగ్గిలం రాయిలా బిగిసింది. బలంగా కొడితే చీలిక అంచు ఎగిరిపోతుంది. గీకాలి, వేడి చెయ్యాలి, మళ్ళీ గీకాలి. కార్యదర్శి గారు నాలుగింటికొకసారి, నాలుగున్నరకొకసారి, అయిదుకొకసారి వచ్చి చూశారు. అయిదున్నరకు వచ్చినప్పుడు ఏమీ అనకుండా తానే కూర్చుని దీపం పట్టుకున్నారు. అయిదూ యాభైకి జానెడు మీద నాలుగు వేళ్ళు తెరుచుకుంది. లుపే గారు కొట్టి చూశారు. గొంతు బొంగురుగా ఉంది గాని పిలుస్తోంది. కింది గొంతు ఒక్కటే. పై గొంతు ఇంకా గుగ్గిలం కిందే ఉంది.

రెండు గొంతులూ లేకపోతే మొదటి నాలుగు నిమిషాలు లేవు. లుపే గారు కాగితాల్లోంచి మొదటి అయిదు పేజీలు తీసి పక్కన పెట్టారు. తరవాత కర్ర తీసుకుని వేదిక వైపు నడిచారు.

"మీరు వచ్చింది వినడానికి," అన్నాను. "కొడుతూ ఏం వింటారు? లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది. వెళ్ళి ముందు వరసలో కూర్చోండి."

"మరి ఎవరు కొడతారు?"

ఇద్దరం వీర్రాజు గారి వైపు చూశాం.

"నేనాండి? ఇంత మందిలోనా?" అన్నారు. తరవాత, "సుత్తితో అయితే కొడతానండి. కర్ర నాకు అలవాటు లేదు," అన్నారు. ఆ సుత్తికి నా రుమాలు చుట్టాం. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని చేతితో తాళం వేశాను. ఏడు, ఏడు, నాలుగు. ఆరూ రెండుకు మొదలైంది.

ఇక్కడ సంగీతాన్ని వర్ణించను. శిష్యులు జారవలసిన చోట జారారు, ఒక్కచోట ఎక్కువ జారారు. దుంగ బొంగురు గొంతుతో పిలుస్తూనే ఉంది, ఆరు వయొలిన్లూ పలుకుతూనే ఉన్నాయి. వెనక వరసలో కాసేపు నవ్వారు. పది నిమిషాలయ్యాక నవ్వలేదు. వయొలిన్లు ఆగిపోయాక వీర్రాజు గారు ఆగలేదు. ఎక్కడ ఆపాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడు ఆవర్తాలు అదనంగా కొట్టాక నేను లేచి సుత్తి పట్టుకున్నాను. జనం అది కూడా రచనలో భాగమనుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు.

లుపే గారు లేవలేదు. నేను వేదిక దిగి వెళ్ళేసరికి ఒళ్ళో కాగితాలు తెరిచి పెట్టుకుని ఉన్నారు. పెన్సిలు కోసం చెయ్యి చాపారు. వీర్రాజు గారు చెవి వెనకది తీసి ఇచ్చారు.

"ఇరవై రెండో పేజీలో తప్పు రాశాను," అన్నారావిడ. "నాలుగో వయొలిన్‌కి. పదకొండేళ్ళు తెలియలేదు." ఆ మాట అంటూ, ఆ పేజీ దిద్దుతూ, ఏడుస్తూ, నవ్వుతున్నారు.

సోమవారం ఉదయం లుపే గారు కొత్త దుంగతో రాజమండ్రి వెళ్ళారు, నేను కాకినాడ బస్సెక్కాను. ఈ అయిదు రోజుల్లో పోయినవి ఇవి. ఎడమ చెప్పు ఒకటి, ముక్తేశ్వరం. కుడిది నేనే పారేశాను. గొడుగు ఒకటి, బోడసకుర్రు. వయొలిన్ తీగలు మూడు. రుమాలు ఒకటి, గుగ్గిలం అంటుకుని పనికిరాకుండా పోయింది. దీవి నుంచి వచ్చిన దుంగ ఒకటి. సంగీతం నాలుగు నిమిషాలు. అది అయిదు పేజీల కాగితం మీద ఉంది. ఇప్పటికీ ఎవరూ వినలేదు.